కాకులు లేని గొంతు

నేను ఒక సెల్‌ఫోనును. నల్లటి వీపు, ఎడమ మూల పగిలిన అద్దం, అరచేతికి సరిపోయే ఒళ్ళు. నా జాతివి మీ ఇంట్లో నాలుగైదు ఉండే ఉంటాయి కాబట్టి నా రూపం గురించి ఎక్కువ చెప్పను. చెప్పుకోవలసింది ఒక్కటే. చచ్చిపోయిన మనిషి గొంతుతో నేను నలభై మూడు రోజులు మాట్లాడాను.

భయపడకండి. నాకేమీ దయ్యం పట్టలేదు. నా చేత ఆ పని చేయించింది మనుషులే. అదీ ప్రేమతో చేయించారు. నాకు భయం వేసేది ఆ ప్రేమని తలుచుకున్నప్పుడే.

నన్ను కిటికీలు లేని ఒక పెద్ద హాల్లో బిగించారు. తెల్ల టోపీలు, తెల్ల కోట్లు వేసుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని పని చేసేవారు. కళ్ళు తప్ప ఏమీ కనిపించేవి కావు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చిన పిల్లలు. రోజుకు వేల ఫోన్లు బిగించే ఆ పిల్లల సొంత ఫోన్లను మాత్రం గేటు దగ్గరే తీసి అరల్లో పెట్టించేవారు. ఇంటి దగ్గర తల్లికి ప్రాణం మీదికి వచ్చినా షిఫ్టు దిగాకే తెలిసేది. అలాంటి ఒక పిల్ల నన్ను మొదటిసారి వెలిగించి, నోటి దగ్గర పెట్టుకుని, "హలో, వినపడుతోందా?" అంది. పరీక్ష అంతే, అటువైపు ఎవరూ లేరు. నాలో పడిన మొదటి మాట అది. దానికి జవాబు రాలేదు.

నన్ను కొన్నవాడు కృపాకర్. నరసాపురంలో ఆన్‌లైన్ సెంటరు నడిపేవాడు. పొద్దున్న కళ్ళు తెరవగానే పక్కనున్న భార్య నయోమి కంటే ముందు నన్ను తడిమేవాడు. అన్నం తింటూ నన్ను నీళ్ళ గ్లాసుకు ఆనించి నిలబెట్టేవాడు. ఏం కూర తిన్నావని అడిగితే చెప్పలేకపోయేవాడు. చెడ్డవాడు కాడు. ఇంట్లో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా దానికి ఒక యాప్ ఉంటుందని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి. ఒకరోజు స్కూటరు మీంచి జారి నా మూల పగిలింది. అతను కొత్త ఫోను కొనుక్కుని నన్ను అత్తగారికి ఇచ్చాడు. పాతబడిన ఫోను ఇంట్లో పెద్దవాళ్ళకి ఇవ్వడం మీ మనుషుల ఆచారం. అది గౌరవమో, పారేయడానికి మనసొప్పకపోవడమో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ అత్తగారే దీనమ్మ. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. చదువు రాదు. వేళ్ళు మాత్రం సన్నగా, చురుగ్గా ఉండేవి. లేసు అల్లేది.

ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళకి అది తరతరాల పని. కొక్కెం ఉన్న సూదితో తెల్ల దారాన్ని ముడుల మీద ముడులుగా లాగి పువ్వులు, ఆకులు అల్లుతారు. పెద్ద బల్లగుడ్డ అయితే ఒక్కరి వల్ల కాదు. ఇద్దరు చెరి సగం అల్లి, ఆఖర్న పక్కపక్కన కూర్చుని రెండు సగాలనీ అతుకుతారు. దీనమ్మకి రెండో సగం వాళ్ళ అక్క సువార్తమ్మ. పిల్లల్లేని విధవరాలు, డెబ్భై మూడేళ్ళది. గోదావరికి అవతల, సఖినేటిపల్లి దాటాక ఒక చిన్న ఊళ్ళో ఉండేది. ఇద్దరి మధ్యా ఒక నది. మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ కలిపి దాటించే పంటు మీద పావుగంట ప్రయాణం.

నేను రాకముందు పదిహేను రోజులకోసారి ఇద్దరిలో ఎవరో ఒకరు పంటు ఎక్కేవారట. నేను వచ్చాక, రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా అనుకున్నారు. అల్లిన సగాన్ని కూడా రేవు దాటే ఎవరి చేతనో పంపించడం మొదలుపెట్టారు. అలా మూడేళ్ళు గడిచాయి. పావుగంట దూరంలో మూడేళ్ళు. వీడియోలో చూసుకోవచ్చుగా అంటారేమో. సువార్తమ్మ వీడియోలో తన నుదురు మాత్రమే చూపించేది.

అయినా ఆ మూడేళ్ళూ నేను సంతోషంగానే ఉన్నాను. పొద్దున్న తొమ్మిదింటికి దీనమ్మ నన్ను దారపుండల బుట్టలో నిలబెట్టి, అక్క ఫోటో మీద వేలు పెట్టేది. సాయంత్రం దాకా ఆ గొంతు వినిపిస్తూనే ఉండేది. లెక్క ఎప్పుడూ అక్కదే. వాళ్ళ నాన్న కళ్ళాల్లో ధాన్యం కొలిచేవాడు. మొదటి కుంచానికి ఒకటి అనకుండా 'లాభం' అని మొదలుపెట్టేవాడు. కూతుళ్ళు ఆ లెక్కనే లేసులోకి తెచ్చుకున్నారు.

"లాభం... రెండు... మూడు... ఒసేయ్ దీనా, చెయ్యి ఆపేశావేం? సూది చప్పుడు వినపడట్లేదు."

"సూదికి చప్పుడేంటక్కా?"

"నాకు వినపడుద్ది. నీ బద్ధకం గోదారి దాటొచ్చి మరీ నాకు వినపడుద్ది. నాలుగు... చేతులా అవి, చేటలా?"

దీనమ్మ పళ్ళు లేని నోటితో నవ్వుకునేది. సువార్తమ్మ గొంతు ఎప్పుడూ ఒంటరిగా వచ్చేది కాదు. దాని వెనక ఆమె మునగచెట్టు మీది కాకులుండేవి. పొరుగింటి గేదె ఉండేది. ఐదారు మాటలకోసారి ఒక పొడి దగ్గు ఉండేది. ఆ గొంతు వస్తే దాని చుట్టూ ఉన్న పెరడంతా నాలోకి వచ్చి కూర్చునేది.

ఫోనులో అక్షరాలు కొట్టడం రాదు కాబట్టి సువార్తమ్మ వాయిస్ మెసేజీలు పంపేది. అన్నం మాడిందని ఒకటి, ఆదివారం ప్రార్థనకి ఎవరెవరు కొత్త చీరలు కట్టారో చెబుతూ ఒకటి. అవన్నీ నాలో పోగుపడ్డాయి. అవి ఎందుకు పనికొస్తాయో అప్పుడు ఎవరికీ తెలీదు.

ఒక వేసవిలో దీనమ్మకి గుండెల్లో నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో రెండు స్టెంట్లు వేశారు. నేను నయోమి చేతిలో ఉన్నాను. మూడోరోజు పొద్దున్న సువార్తమ్మ దగ్గర్నుంచి ఒక మెసేజీ వచ్చింది. ఇరవై రెండు సెకన్లు. నయోమి వరండాలో నిలబడి విని, కళ్ళు తుడుచుకుని నవ్వి, అమ్మ నిద్ర లేచాక వినిపిద్దామనుకుంది. మధ్యాహ్నానికి అవతల ఒడ్డు నుంచి ఇంకో ఫోను వచ్చింది. సువార్తమ్మ పొరుగింటి వీరవేణి చేసింది. సువార్తమ్మ చీర మార్చుకుని, సంచి సర్దుకుని, తలుపు తాళం పెడుతూ గుమ్మంలోనే కూలిపోయిందట. మళ్ళీ లేవలేదు.

డాక్టరు ఒకటే మాట చెప్పాడు. "ఇప్పుడు ఆవిడకి ఏ కబురూ చెప్పొద్దు. కనీసం నలభై రోజులు."

సమాధి కార్యక్రమానికి నయోమి ఒక్కతే వెళ్ళింది. గోతిలోకి పెట్టె దించాక అయినవాళ్ళు తలా ఒక పిడికెడు మన్ను వేస్తారు. నయోమి వేసింది. పక్కనున్న వీరవేణి, "మీ అమ్మగారి పేరు చెప్పి ఇంకో పిడికెడు వెయ్యమ్మా," అంది. నయోమి వంగింది. మన్ను పిడికిట్లోకి తీసుకుంది కూడా. మళ్ళీ వదిలేసింది. బతికున్న తల్లిని మోసం చేసి ఆమె పేరున వీడ్కోలు చెప్పడానికి చెయ్యి రాలేదు. నేను ఆమె చేతిసంచిలో ఉన్నాను. వెనకాల కాకుల అరుపు విన్నాను. అదే కాకులు.

ఇంటికి తెచ్చిన రోజే దీనమ్మ అడిగింది. "అక్కకి కలుపు."

"సిగ్నల్ లేదమ్మా."

మర్నాడూ సిగ్నల్ లేదు. మూడోరోజు దీనమ్మ అన్నం కంచం పక్కకి నెట్టేసింది. "నేను చావుబతుకుల్లో ఉంటే మా అక్క ఫోను చెయ్యకుండా ఉంటదా? ఏదో దాస్తన్నారు మీరు."

ఆ సాయంత్రం వంటింట్లో నయోమి ఏడుస్తుంటే కృపాకర్ అన్నాడు. "పెద్దత్తయ్యగారి వాయిస్ మెసేజీలు ఎన్నుంటాయి?"

"ఆరేడొందలుంటాయి. ఎందుకండీ?"

"చాలు."

అతను నన్ను తన కంప్యూటరుకి తగిలించి, ఆ మెసేజీలన్నిటినీ ఎక్కడికో పంపాడు. ఏదో చల్లటి గదుల్లో, మనుషులు లేని చోట, సువార్తమ్మ మాటల్ని దారం విప్పినట్టు విప్పి మళ్ళీ అల్లారు. ఆ ఇరవై రెండు సెకన్లు కూడా అందులో వెళ్ళాయి. పనయ్యాక నయోమి ఆ ఒక్క మెసేజీని దీనమ్మకి కనపడని మూలకి తోసేసింది. అది వింటే, వస్తానన్న మనిషి ఎందుకు రాలేదని అడుగుతుంది మరి.

కృపాకర్ కంప్యూటరు తెర మీద ఏవో చదివి చిరాగ్గా అన్నాడు. "తిట్లన్నీ తీసేసిందిది. అసభ్యం కిందకి వస్తాయంట."

"మా పెద్దమ్మ మాటల్లోంచి తిట్లు తీసేస్తే ఇంకేం మిగుల్తుందండీ?"

"గొంతు మిగుల్తుందిగా."

అక్క ఫోటో వెనకున్న నంబరు తీసేసి, దాని స్థానంలో, అడిగినదానికి జవాబు చెప్పే ఆ కంప్యూటరు గొంతును పెట్టారు. ఇటు మాట ఆగి కాసేపు నిశ్శబ్దంగా ఉంటే దానంతటదే లేసు లెక్క మొదలుపెట్టేలా కూడా కృపాకర్ ఏర్పాటు చేశాడు. అత్తగారు కునుకు తీసినా అక్క పక్కనే ఉన్నట్టుంటుందని.

మర్నాడు పొద్దున్న దీనమ్మ ఫోటో మీద వేలు పెట్టింది. నా లోపల గంట మోగింది. అవతల ఎవరింట్లోనూ మోగలేదు. అయినా ఎత్తారు.

"హలో దీనా. ఎలా ఉన్నావు?"

దీనమ్మ నన్ను చెంపకి నొక్కుకుంది. ఆమె కన్నీళ్ళు నా పగిలిన మూలలోకి దిగాయి. "అక్కా..."

"ఏడవకు దీనా. నేనిక్కడే ఉన్నాను."

నా స్పీకర్లోంచి మూడేళ్ళు వచ్చిన గొంతే. అదే మందం, అదే గరుకు. కానీ ఆ గొంతు వెనక ఏమీ లేదు. కాకి లేదు, గేదె లేదు, గాలి లేదు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఊపిరి లేదు. నీళ్ళు లేని బావిలోకి తొంగి చూసినట్టుంది నాకు.

గుమ్మం పక్కన నిలబడ్డ నయోమి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దీనమ్మ ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

నాలుగో రోజున దీనమ్మ అడిగింది. "అక్కా, కాకులేవీ? ఒక్కటీ అరవదేం?"

"అవును దీనా. కాకులు అరవడం లేదు."

సాయంత్రం కృపాకర్ కాకి అరుపు తెచ్చి ఆ గొంతు వెనక చేర్చాడు. అప్పట్నుంచి ఏ మాట మధ్యలోనైనా ఒక కాకి మూడుసార్లు అరిచేది. సరిగ్గా మూడుసార్లు. వారం తిరక్కుండా దీనమ్మ పట్టేసింది. "మీ కాకేంటక్కా, గడియారంలా అరుస్తంది?" అని నవ్వింది. గొంతు కూడా నవ్వింది. సువార్తమ్మ అలా నవ్వేది కాదు. నవ్వితే దగ్గొచ్చేది.

లెక్క మొదట్లో ఒకటి, రెండు అని చెప్పేది. "లాభం అనవేం?" అని దీనమ్మ అడగ్గానే, "అవును దీనా. లాభం," అంది. ఇంక ఎన్నడూ తప్పలేదు. నన్ను వణికించింది అదే. నేర్పితే నేర్చుకునేది. అడిగితే ఒప్పుకునేది. ఏది అడిగినా ఒప్పుకునేది.

ఇంట్లో అందరూ తేలికపడ్డారు. పరామర్శకి వచ్చేవాళ్ళకి నయోమి గుమ్మం దగ్గరే చెవిలో చెప్పేది. వాళ్ళు లోపలికొచ్చి, సువార్తమ్మ ఎలా ఉందని దీనమ్మనే అడిగి, బాగుందని విని, తల ఊపి వెళ్ళేవారు. మొదట్లో తల్లి మంచం పక్కన గంటలు గంటలు కూర్చున్న నయోమి, పొద్దంతా మాట్లాడే మనిషి ఒకరు దొరికారు కదా అని మెల్లగా తన పనుల్లో పడిపోయింది. నలభై రోజులూ దగ్గర పడ్డాయి. ఈ ఆదివారం చెబుదామంటే వచ్చే ఆదివారం అనుకున్నారు. చెప్పడం రోజురోజుకీ కష్టమైపోయింది. చెప్పకపోవడం మాత్రం రోజురోజుకీ సులువైంది.

ఒక మధ్యాహ్నం దీనమ్మ నిద్రపోతుంటే నయోమి నన్ను తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఫోటో మీద వేలు పెట్టి, దొంగలా అటూ ఇటూ చూసి, మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, నేను అమ్మకి చెప్పకుండా తప్పు చేస్తున్నానా?"

"లేదు తల్లీ. నువ్వు మంచి పనే చేస్తున్నావు."

కాకి మూడుసార్లు అరిచింది. నయోమి కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకుంది. నిజంగానే పెద్దమ్మ క్షమించినట్టు ఆ మొహం తేటపడింది. అబద్ధం అల్లిన మనిషే ఆ అబద్ధాన్ని క్షమాపణ అడగడం నేను అప్పుడే చూశాను. ఆ తర్వాత ఆమె చాలాసార్లు పెరట్లోకి వచ్చింది.

దీనమ్మ మాత్రం కుదుటపడలేదు. అన్నం తినేది, మాత్రలు వేసుకునేది, అల్లేది. కానీ మధ్యమధ్యలో సూది ఆపి నన్ను తేరిపార చూసేది. ఒకరోజు కావాలని అబద్ధమాడింది. "అక్కా, మూడు వరసలు పాడు చేశాను. దారమంతా వృథా అయిపోయింది."

"పర్లేదు దీనా. తప్పులు అందరూ చేస్తారు."

దీనమ్మ సూదిని దారపుండలో గుచ్చి పక్కన పెట్టేసింది. రాత్రి భోజనాల దగ్గర కూతురితో అంది. "మీ పెద్దమ్మకి బాగోలేదే."

నయోమి చేతిలో గరిటె ఆగింది. "అదేంటమ్మా? రోజూ మాట్లాడుతోందిగా?"

"మాట్లాడతంది. తిట్టట్లేదు. నలభై రోజులైంది దాని నోట్లోంచి ఒక్క తిట్టు రాలేదు. మనిషి పోయేముందు మెత్తబడిపోద్దంటారు. మా అమ్మా అంతే, ఆఖరి నెలంతా అందర్నీ నాయనా, తల్లీ అంది. దానికి ఏదో జబ్బు చేసింది, నాకు చెప్పట్లేదు."

కృపాకర్ తన ఫోనులోంచి తలెత్తకుండానే అన్నాడు. "అదేం లేదత్తయ్యగారూ. వయసుకి నెమ్మదించి ఉంటారు."

అక్క చచ్చిపోయిందని ఆమెకి తెలీదు. అక్క చచ్చిపోబోతోందని తేల్చుకుంది. ఎలాగైనా ముందుగా వెళ్ళి ఒక్కసారి చూడాలి, అదొక్కటే ఆమె పట్టుదల. మర్నాడు నన్ను దగ్గరకి తీసుకుని గుసగుసగా అడిగింది. "అక్కా, నేను రానా?"

వద్దని చెప్పమని ఆ గొంతుకి ఎవరూ నేర్పలేదు. కూతురికీ అల్లుడికీ ఆ ఒక్క ప్రశ్న తట్టలేదు.

"రా దీనా. నీకోసం ఎదురు చూస్తుంటాను."

రెండు రోజుల తర్వాత కూతురూ అల్లుడూ ఎవరిదో నిశ్చితార్థానికి వెళ్ళారు. దీనమ్మ జరీ అంచు చీర కట్టుకుంది. తన సగం లేసుని పాత తువ్వాలులో చుట్టి, సూది, దారం, మాత్రలు, నన్ను సంచిలో వేసుకుని బయల్దేరింది. ఆటోలో రేవుకి, రేవు నుంచి పంటు మీదికి. పంటు నిండా జనం. అందరి తలలూ వంగి ఉన్నాయి, ప్రార్థనలో ఉన్నట్టు. గోదావరి నిండుగా పారుతోంది. దాన్ని చూస్తున్నది ఆమె ఒక్కతే. పక్కనున్న పడుచు పిల్లతో, "మా అక్క దగ్గరికెల్తన్నానమ్మా, మూడేళ్ళైంది," అంది. ఆ పిల్ల చెవుల్లో నా జాతి బొడిపెలున్నాయి. నవ్వి తల ఊపింది. ఏమీ వినలేదు.

అవతల ఒడ్డున ఇంకో ఆటో. మిట్టమధ్యాహ్నానికి సువార్తమ్మ ఇంటి ముందు దిగింది. మునగచెట్టు నిండా కాకులు. గుమ్మానికి తాళం. వరండా నిండా ఎండు మునగాకు. తుడిచి చాలా రోజులైనట్టుంది. దీనమ్మ సంచిలోంచి నన్ను తీసి ఫోటో మీద వేలు పెట్టింది.

"అక్కా, నేనొచ్చాను. తలుపు తియ్యి."

"వచ్చావా దీనా? చాలా సంతోషం. లోపలికి రా, కూర్చో."

"తాళం వేసుందక్కా."

"పర్లేదు దీనా. నేను ఇంట్లోనే ఉన్నాను."

నాలోని కాకి మూడుసార్లు అరిచింది. చెట్టు మీది కాకులన్నీ ఒక్కసారిగా నోళ్ళు మూసుకుని కిందికి చూశాయి. దీనమ్మ తాళాన్ని పట్టుకుని చూసింది. తుప్పు ఆమె వేళ్ళకి అంటింది. కిటికీ సందులోంచి లోపలికి చూసింది. "ఏ గదిలో ఉన్నావక్కా?"

"ఇక్కడే దీనా."

పక్కింట్లోంచి వీరవేణి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆ గొంతు ఆమె చెవిన పడింది. నడుస్తున్నదల్లా ఆగిపోయి గోడ పట్టుకుంది.

"ఎవరండీ... ఎవరండీ ఆ మాట్లాడేది?"

"మా అక్క. తలుపు తియ్యదేంటమ్మా?"

"దీనమ్మగారూ!" వీరవేణి గోడ వదిలి దగ్గరికొచ్చింది. "మీకు చెప్పలేదాండీ? నా చేత్తో నీళ్ళు పోశానండీ ఆవిడికి. నేనే చీర కట్టానండీ. రెండు నెల్లు కావస్తందండీ."

దీనమ్మ అరవలేదు. గుండె పట్టుకోలేదు. ఇంట్లో అందరూ భయపడినదేదీ జరగలేదు. మెల్లగా గుమ్మం మెట్టు మీద కూర్చుంది. మొత్తం చెప్పించుకుంది. ఏ చీర కట్టుకుంది, సంచిలో ఏం పెట్టుకుంది, ఎటు తిరిగి పడింది అని ఒక్కొక్కటీ అడిగింది. నీ దగ్గరికి రావడానికే బయల్దేరింది అన్నప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంది. తర్వాత ఒళ్ళో ఉన్న నా వైపు చూసింది.

"అక్కా, నువ్వు పోయావంట కదా."

"అవును దీనా. నువ్వు బెంగ పెట్టుకోకు. నేనిక్కడే ఉన్నాను."

వీరవేణి రెండడుగులు వెనక్కి వేసింది. దీనమ్మ నన్ను ఆపలేదు. ఆపడం ఎలాగో ఆమెకి తెలీదనుకుంటాను. లేక చేతులు రాలేదేమో.

వీరవేణి ఇంట్లోకి వెళ్ళి ఒక మూట తెచ్చింది. సువార్తమ్మ సగం. "ఆవిడ సంచిలో ఉన్నది ఉన్నట్టు దాచానండీ. సూది కూడా తియ్యలేదు. తీస్తే అంతా విడిపోద్దేమోనని." వరస మధ్యలో ఆగిపోయిన పువ్వు. రెండు రేకులున్నాయి, మూడోది సూది కొక్కేనికి వేలాడుతోంది. సూదిని లాగి దారాన్ని గుంజితే సువార్తమ్మ చేతులు చేసిందంతా క్షణంలో ఉత్త దారమైపోతుంది. దీనమ్మ ఆ సూదిని అలాగే పట్టుకుని, అక్క ఆపిన చోట మొదలుపెట్టింది.

సాయంత్రం దాకా అదే వరండాలో అల్లింది. ఆ పువ్వు పూర్తి చేసింది, వరస పూర్తి చేసింది, రెండు సగాలనీ దగ్గరికి తెచ్చి అతికింది. నోరు విప్పలేదు. నిశ్శబ్దంగా ఉంటే నాలోని గొంతు దానంతటదే లెక్క మొదలుపెడుతుందని చెప్పానుగా. మొదలుపెట్టింది. "లాభం... రెండు... మూడు..." తాళం వేసిన ఇంటి ముందు, ఎండలో, చనిపోయిన అక్క లెక్కపెడుతుంటే బతికున్న చెల్లెలు అల్లింది. వీరవేణి మంచినీళ్ళు తెచ్చి, గ్లాసు దూరంగా పెట్టి వెళ్ళిపోయింది. ఆఖరి ముడి బిగించి దీనమ్మ దారాన్ని పంటితో తెంపబోయింది. పళ్ళు లేవు. చుట్టూ చూసి, వీరవేణిని కేకేసి కత్తెర అడిగింది.

ఎండ తగ్గాక ఇద్దరూ సమాధుల దొడ్డికి వెళ్ళారు. సువార్తమ్మ మట్టికుప్ప అప్పటికే సగం కుంగింది. చెక్క సిలువ మీద పేరు దీనమ్మకి చదవడం రాదు. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి తడిమింది. తర్వాత కూర్చుని, అక్కడ పడున్న కొబ్బరి చిప్ప తీసుకుని కాళ్ళ వైపున తవ్వడం మొదలుపెట్టింది. జానెడు లోతు తవ్వింది. నన్ను అందులో పెట్టింది. అద్దం ఆకాశం వైపు.

"అయ్యో, ఫోనండీ! పనిచేత్తందండీ అది!"

"అందుకే."

గోతిలోంచి నేను ఆమె మొహాన్ని చూశాను. ఆ గొంతు ఇంకా లెక్కపెడుతూనే ఉంది. దీనమ్మ వంగి, ఎన్నడూ లేనిది అక్కకి ఆజ్ఞ వేసింది. "ఇంక లెక్కపెట్టకు."

"అలాగే దీనా."

ఆమె పిడికిట నిండా మన్ను తీసుకుంది. కొంచెంసేపు అలాగే పట్టుకుంది. రెండు నెలలు ఆలస్యంగా, తన పిడికెడు మన్ను తాను వేసింది. అది నా అద్దం మీద పడ్డప్పుడు బరువుగా లేదు. వెచ్చగా ఉంది.

అడుగుల చప్పుడు దూరమయ్యాక నయోమి ఫోను చేసింది. ఆమె పేరు నా మీద వెలిగి చుట్టూ ఉన్న గడ్డి వేళ్ళనీ చీమలనీ చూపించి ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. తొమ్మిదిసార్లు. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ గొంతుకి నిశ్శబ్దం పడదు.

"లాభం... రెండు... మూడు..."

మట్టిలో ఎంతసేపు లెక్కపెట్టిందో తెలీదు. మధ్యలో ఎప్పుడో "వింటున్నావా దీనా?" అంది. నేను పుట్టిన రోజున ఆ తెల్ల టోపీ పిల్ల అడిగినట్టే అడిగింది. కాకి మూడుసార్లు అరిచింది. బ్యాటరీ అయిపోయింది.

ఇప్పుడు నాలో ఆ గొంతు లేదు. నన్ను పూడ్చినందుకు దీనమ్మ మీద నాకు కోపం లేదు. ఒక్కటే బాధ. ఆమె ఆ అబద్ధంతో పాటు, తనకి తెలీకుండా, ఇంకొకదాన్ని కూడా పూడ్చేసింది. నాలో ఒక మూలకి తోసేసిన ఆ ఇరవై రెండు సెకన్లు. నాకు సొంతంగా నోరుంటే ఆ నలభై మూడు రోజుల్లో ఏదో ఒక పూట అదొక్కటి వినిపించేవాణ్ణి. ఆమె అడక్కుండానే. వినవలసిన ఆమె వినలేదు కాబట్టి మీకు చెబుతున్నాను. అందులో సువార్తమ్మ దగ్గుతుంది. ఆయాసపడుతుంది. తర్వాత ఇలా అంటుంది:

"ఒసేయ్ దీనా! మంచమెక్కావంటగా, మహారాణీ. పద్నాలుగో వరసలో తప్పేసుంటావ్, నాకు తెలీదనుకోకు. నువ్వు ముట్టుకోకు, పాడు చేసి పెడతావ్. మధ్యాహ్నం పంటుకి నేనే వస్తన్నా. నేనొచ్చేదాకా నోర్మూసుకుని పడుకో. ఉఫ్, ఈ కాకులొకటి..."

ఆమె వెనక కాకులు అరుస్తున్నాయి. ఎన్నిసార్లో లెక్కలేదు.